సున్నా వచ్చిన సోమవారం

ఆసుపత్రిలో ఆమె అసలు పేరు హాజరుపట్టీ గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె షెల్లమ్మ. కింది అంతస్తులో బట్టలుతికే విభాగం పక్కనున్న కిటికీలేని గది ఆమెది. ఒక గోడ అవతల వేడినీళ్ల ఆవిరి, ఇవతల కంప్యూటర్ల కోసం పెట్టిన ఏసీ. అక్కడే ఇరవై రెండేళ్లుగా స్వెట్టరు వేసుకుని చెమటలు తుడుచుకుంటూ పనిచేస్తోంది.

షెల్లు అంటే మరేం లేదు. మనం టైపు చేసిన ఆజ్ఞ విని కంప్యూటరు చేత ఆ పని చేయించే మధ్యవర్తి. ఆ మధ్యవర్తుల్లో రకాలున్నాయి, వాటిలో మళ్లీ కొత్తా పాతా ఉన్నాయి. ఆజ్ఞలు చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి, అసలు చిక్కంతా అక్కడే. ఒకే మాట పుట్టింట్లో అంటే నవ్వుతారు, అత్తింట్లో అంటే మూతి ముడుస్తారు చూడండి, అదే తంతు. ఈ సంగతి పైవాళ్లకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. పాత మిషను పాడైపోతోంది, శనివారానికల్లా అంతా కొత్త మిషను మీదికి మార్చెయ్యి, ఆసుపత్రి మొత్తానికీ ఒకటే షెల్లు ఉండాలి, పాతదాన్ని అందులో ఎక్కించడానికి వీల్లేదు అన్నారు. మార్చడమంటే బీరువా జరపడం అనుకున్నారు కాబోలు.

రెండువందల పదమూడు ప్రోగ్రాములు. మూడు వారాలు ఒక్కొక్క లైనే చదివి దిద్దేసరికి ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. రెండువందల పన్నెండు అలా దిద్దింది. ఒక్కటి మాత్రం ముట్టుకోలేదు.

ఆ ఒక్కటీ మామగారిది. షెల్లమ్మ ఉద్యోగంలో చేరినప్పుడు ఆ గదికి ఆయనే పెద్ద. శిష్యురాలి పని చూసి ముచ్చటపడి, అడిగి మరీ కోడల్ని చేసుకున్నాడు. కొడుకు ఈత నేర్పే మాస్టరు, ఈ గోల అతనికి పట్టదు. భోజనాల దగ్గర మామాకోడళ్లు షెల్లుల మీద వాదన మొదలుపెట్టగానే కంచం పట్టుకుని టీవీ ముందుకు పోతాడు. పెద్దాయన రిటైరై తొమ్మిదేళ్లయింది గాని తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే గుణం రిటైరవలేదు. డయాలిసిస్ రోగులను ఇళ్ల నుంచి తెచ్చే బండికి తెల్లవారుజామున లిస్టు తయారుచేసే ప్రోగ్రాము ఆయన రాసింది. దాని నెత్తిన ‘దీన్ని ఎవరూ కెలకవద్దు’ అని ఆయన చేత్తో టైపు చేసిన లైను ఇప్పటికీ ఉంది.

కెలకలేదు మహాతల్లి. పైన షెల్లు పేరున్న ఒక్క లైను మార్చి, శనివారం సాయంత్రం మర్నాటి తేదీ ఇచ్చి నడిపి చూసింది. సున్నా అంది. ఆదివారం బండి తిరగదు కాబట్టి సున్నాయే రావాలి. బాగానే ఉందనుకుని సంతకం పెట్టి ఇంటికొచ్చింది.

సోమవారం ఉదయం డ్రైవర్ల గదిలోని ప్రింటరు ‘ఈ రోజు ట్రిప్పులు లేవు’ అని కాగితం కక్కింది. సోమవారం ట్రిప్పులు లేకపోవడమేమిటని ఒక్క డ్రైవరుకైనా అనుమానం రావద్దూ? కాగితం ఎలా చెబితే అలా చెయ్యడం వాళ్ల పద్ధతి. ఇద్దరూ నిమ్మకు నీరెత్తినట్టు టీ తాగడానికి పోయారు.

ఏడున్నరకు షెల్లమ్మ గదిలో ఫోను మోగింది, లిస్టు గొడవ అనగానే ఆపరేటరు అక్కడికే కలిపాడు. కుట్టుమిషను పెట్టుకుని బతికే ఒంటరి ఆవిడ. వారానికి మూడుసార్లు రక్తం శుభ్రం చేయించుకోకపోతే ఒళ్లంతా నీరు పట్టి ఊపిరాడదు.

“ఐదున్నర నుంచి చెప్పులేసుకుని గుమ్మంలో కూచున్నానమ్మా. ఇవాళ నన్ను తీసేశారా?”

అలాంటివాళ్లు ఆ ఉదయం ఏడుగురు. ఆరుగురిని ఉరుకులు పరుగుల మీద తెచ్చి ఎలాగో సర్దారు. కుట్టుమిషను ఆవిడ వచ్చేసరికి మంచాలు నిండిపోయాయి. కాళ్లు దిమ్మల్లా వాచి, మాటకు మాటకు ఆయాసపడుతూ రెండింటిదాకా వరండాలో కుర్చీలోనే ఉంది. షెల్లమ్మ రెండుసార్లు వెళ్లి చూసింది గాని ఆ లిస్టు పాడుచేసింది నేనేనని చెప్పుకునే ధైర్యం చాల్లేదు.

తప్పు పట్టుకోవడానికి ఆమెకు నాలుగు నిమిషాలు పట్టింది. వరసగా వచ్చే పేర్లను పాత షెల్లు తన ముందే లెక్కపెట్టుకుంటుంది. కొత్తది ఆ లెక్కను పక్కగదిలోకి పంపి చేయిస్తుంది. అక్కడ ఏడని తేలుతుంది, ఆ వెంటనే ఆ గదే ఉండదు, ఏడూ దానితోపాటే పోతుంది. బయట మాత్రం మొదట వేసిన సున్నా సున్నాలాగే ఉంటుంది. తప్పు జరిగిందని కొత్త షెల్లు చెప్పదు. ఈ తేడా ఆమెకు తెలియనిదా? మిగతా ప్రోగ్రాముల్లో ముప్పై చోట్ల ఇదే దిద్దింది. అందుకే తన మీద తనకు అంత ఒళ్లుమంట.

సాయంత్రం ఇంటికెళ్లి జరిగింది చెప్పి, ట్రిప్పులు లేవన్న ఆ కాగితం మామగారి ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని తీరిగ్గా చదివాడు.

“నా ప్రోగ్రాంలో తప్పులేదమ్మాయ్. నీ కొత్త షెల్లుకే లెక్క రాదు.”

“మీ షెల్లూ కరెక్టే, నా షెల్లూ కరెక్టే మామయ్యగారూ. బండి మాత్రం వెళ్లలేదు.”

ఆయన కాసేపు కాగితం మడతలు సరిచేశాడు. వేరే షెల్లులో పెడితే అక్కడ సున్నా వస్తుందని తనకు ఎప్పటినుంచో తెలుసన్నాడు. మూడు వారాలుగా ఇదే భోజనాల బల్ల దగ్గర ఆ మార్పిడి గురించే మాట్లాడుకుంటున్నారు. మరి ఎందుకు చెప్పలేదని అడిగితే, “నువ్వు అడగలేదుగా” అన్నాడు.

ఇరవై రెండేళ్లలో ఆయన ముందు గొంతు పెంచని కోడలు ఆ రోజూ పెంచలేదు. కాని ఒక్కొక్క మాటే పలికింది. “మీరు అడిగించుకోవాలని కూచున్నారు. నేను మీ రాత మీద చెయ్యి వెయ్యకూడదని కూచున్నాను. మనిద్దరి మర్యాదలకీ ఆవిడ గుమ్మంలో కూచుంది. నన్ను తీసేశారా అని అడిగింది మామయ్యగారూ.”

ఆయన ఆ రాత్రి అన్నం దగ్గరికి రాలేదు. టీవీ ముందున్న కొడుకు, ఇవాళ ఇంత నిశ్శబ్దంగా ఉందేమిటని తలతిప్పి చూశాడు.

ఆ ఏడుగురికీ మళ్లీ బుధవారం వంతు. ఈలోగా షెల్లమ్మ ఆ లెక్క దిద్దింది, నెత్తినున్న లైను తీసేసింది. సున్నా వస్తే కాగితం అచ్చవకుండా తనకు ఫోను మోగేలా ఏర్పాటు చేసింది. అయినా మనసు ఊరుకోక బుధవారం ఐదింటికే డ్రైవర్ల గదికి పోయింది. బెంచీ మీద మామగారు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మొదటి బస్సుకే వచ్చేశాడు. అప్పుడే అచ్చయిన లిస్టు ఆయన మోకాళ్ల మీద ఉంది, పేర్ల పక్కన పెన్సిలుతో ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు వేసి ఉన్నాయి.

ప్రోగ్రాము సరిచేశానని, ఇక బెంగ లేదని ఆమె చెప్పబోయింది. ఆయన ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. చెవి దగ్గర ఫోనుంది.

“బండి బయల్దేరిందమ్మా. లేదమ్మా, మిమ్మల్నెవరూ తీసెయ్యలేదు. తప్పు నాదే.”