కింది శ్రుతి

మొన్న మా అమ్మాయి టీవీలో అమెరికా వాళ్ల పల్లె బాణీ కంట్రీ పాటల అవార్డుల కార్యక్రమం చూస్తోంది. ఉత్తమ గాయనిగా ఎవరో పిల్ల పేరు పిలవగానే హాలంతా చప్పట్లు. నేను మాత్రం చేతిలో పప్పు గరిటతో నిలబడిపోయి, ఆ చప్పట్లు ఆగాక ఏం వినిపిస్తుందోనని చెవులు రిక్కించాను.

రెండువేల నాలుగులో నేను టెన్నెసీలో ఎమ్మెస్ చదివేదాన్ని. రూమ్మేటూ నేనూ ఒక పెద్దావిడ ఇంట్లో పై గది అద్దెకు తీసుకున్నాం. ఆవిడకు మా పోపు ఘాటు పడేది కాదు. అయినా తుమ్ముతూనే రెండోసారి సాంబారు పోయించుకునేది. అలాంటి ఒక సాయంత్రమే ఆ ఊరి అవార్డు సంగతి చెప్పింది. అక్కడి పాత పాటల హాల్లో ఏటా పోటీలు జరిగేవి. బహుమతులన్నీ గిటారు పట్టిన మగవాళ్లకే, పాడిన ఆడవాళ్లకు ఒక కేకు ముక్క. ఆవిడ పడుచుతనంలో, హాలు వంటింట్లో పనిచేసే ఆడవాళ్లంతా పట్టుబట్టి గాయనులకంటూ ఒక వెండి కప్పు చేయించారట. మొదటి కప్పు ఆవిడ అక్కకు వచ్చింది. ఎప్పుడూ పై శ్రుతిలో ఒకరు, కింది శ్రుతిలో ఒకరు జంటగా పాడే అక్కాచెల్లెళ్లే గానీ, ఆరోజు చెల్లెలైన ఈవిడ జ్వరంతో ఇంట్లో ఉండిపోయింది. తిరిగి వస్తుంటే పొంగిన వాగులో కారుతో సహా అక్క కొట్టుకుపోయింది. మరుసటేడు నుంచి గెలిచిన గాయని అక్క పాటే పాడి, చివరి చరణం దగ్గర మైకు వదిలి పక్కకు తప్పుకోవడం ఆనవాయితీ అయింది. ఆ చరణం ఎవరూ పాడరు. మా ఓనరమ్మ మాత్రం అప్పట్నుంచి పాడనూ లేదు, ఆ హాలు గడప తొక్కనూ లేదు.

ఆ ఏడు హాలు అమ్మేస్తున్నారు, అవార్డుకు అదే ఆఖరు. “ఒక్కదాన్నీ వెళ్లలేను. తోడొస్తారా?” అని అడిగింది. ఎర్రటి ఎండలో, మధ్యాహ్నం పూట ముగ్గురం వెళ్లాం. గెలిచిన అమ్మాయి పాడి, పక్కకు జరిగింది. ఎవరూ దగ్గను కూడా లేదు. అప్పుడు వినిపించింది, నేల చెక్కల కిందనుంచి వచ్చినట్టు, మంద్రంగా ఒక ఆడగొంతు. మాటల్లేవు, రాగం మాత్రమే.

“ఎవరో పాడుతున్నారే,” అన్నాను రూమ్మేట్ చెవిలో.

“నాకేం వినిపిస్తలేదు. స్పీకర్ ప్రాబ్లమ్ కావచ్చు. భయపెట్టకే,” అంటూ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

మా తెలుగు అర్థం కాకపోయినా, నా మొహం చూసి ఓనరమ్మకు అర్థమైంది. “పై శ్రుతా, కింది శ్రుతా?” అని అడిగింది.

“కిందిది.”

“అక్కది ఎప్పుడూ కిందిదే. పైది నాది,” అని లేచింది.

కర్ర పొడుచుకుంటూ మైకు దాకా నడిచి, ఆ చరణం అందుకుంది. మొదట గొంతు జీరబోయింది, తర్వాత నిలదొక్కుకుంది. ప్రతి పాదానికీ ఆగి, పక్కనున్న ఖాళీ వైపు తలూపి, మళ్లీ ఎత్తుకుంది. చివర్లో నవ్వింది. అంత హాయిగా ఆవిడ నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

మేం ఇల్లు ఖాళీ చేసేదాకా రోజూ పొద్దున్నే వంటింట్లో పాడేది, అలాగే ఆగి ఆగి. ఒకరోజు ఆవిడ ఆగినప్పుడు, తిరుగుతున్న మిక్సీని మా రూమ్మేట్ ఠక్కున ఆపేసి గుమ్మం వైపు చూసింది. ఆరోజు హాల్లో ఏమీ వినిపించలేదన్నది తనే. కాలం గడిచిపోతుందంటాం గానీ, కొందరి ఇళ్లలో అది ఎక్కడికీ పోదు. తన వంతు వచ్చేదాకా ఓ పక్కన నిలబడి ఉంటుంది.