ప్రార్థనలో చెప్పిన మాఫీ

2020లో ఐర్లండ్‌లో, డండాక్‌లోని మా ఇంటి పెరడే నా ఆఫీసు. కోవిడ్ రాగానే ఊళ్లో అద్దెకు తీసుకున్న గది మూసేశాను. పెరట్లో రెండు మీటర్లు టేపుతో కొలిచి అటో కుర్చీ ఇటో కుర్చీ వేసుకున్నాను. వాన వస్తే ఇద్దరం షెడ్డులోకి జరిగేవాళ్లం. నేను పన్నుల లెక్కలు చూస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది మన తెలుగు నర్సులూ, నర్సింగ్ హోముల్లో ముసలివాళ్ల ఆలనాపాలనా చూసే కేరర్లూ.

జూన్‌లో సునీత ఫోన్ చేసింది. ఆమె ఆసుపత్రిలో నర్సు. భర్త శామ్యూల్ కేరర్‌. ఏప్రిల్‌లో కోవిడ్‌తో పోయాడు. అంత్యక్రియలకు పదిమందికి మించి రాకూడదని రూలు కావడంతో నేను కూడా ఆన్‌లైన్‌లోనే చూశాను. సునీత ఇద్దరు పిల్లల్ని చెరోపక్క నిలబెట్టుకుని ఉంది, అంతే కనిపించింది.

"సార్, ఇంటి లోను రద్దయిపోయిందని బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. దానికి పన్నేమైనా కట్టాలా?" అని అడిగింది.

కట్టక్కర్లేదన్నాను. ఇక్కడ ఇల్లు కొనేటప్పుడు మార్ట్‌గేజ్ ప్రొటెక్షన్ అనే బీమా తీసుకోవాలి. భార్యాభర్తల్లో ఒకరు పోతే మిగిలిన లోను ఆ బీమాయే తీర్చేస్తుంది. భార్యకు భర్త నుంచి వచ్చినదానికి పన్ను ఉండదు. ఇల్లు ఆమెదే, పిల్లల్ని తీసుకుని ఎక్కడికీ పోనక్కర్లేదు. ఆ మాట చెప్పినప్పుడు నా మనసు తేలికపడింది.

"ఇంకోటుంది సార్. మా ప్రసాద్ అన్నయ్య దగ్గర ఇంటి పైకప్పుకీ హీటింగుకీ ముప్పై ఒక్క వేల యూరోలు తీసుకున్నాం. ఆదరణ కూటంలో అన్నయ్య అది మాఫీ చేసేశాడు. అందరి ముందూ చెప్పాడు."

ఆదరణ కూటం అంటే మనిషి పోయాక ఆ ఇంటివాళ్లను ఓదార్చడానికి పెట్టుకునే ప్రార్థన. ఆ ఏడాది అది కూడా ఆన్‌లైన్‌లోనే. ప్రసాద్ శామ్యూల్‌తో పాటు పనిచేసిన పెద్దాయన. సొంత అన్న కాదు, అంతకంటే ఎక్కువ. ఆయన మైకు ఆన్ చేసి, "తమ్ముడు నాకు ఇవ్వాల్సింది ఏమీ లేదు. ఈ క్షణంతో ఆ బాకీ కొట్టేశాను" అని ఏడ్చాడట. తెర మీది అరవై కిటికీల్లోంచి ఆమెన్ అన్నారట.

నాకో దురలవాటు ఉంది. అంకె వినిపిస్తే చాలు, నోరు దానంతటదే లెక్క కట్టేస్తుంది. "అయితే గిఫ్ట్ టాక్స్ పడుతుందమ్మా. ఇక్కడ అప్పు వదిలేయడమంటే ఆ డబ్బు బహుమతిగా ఇచ్చినట్టే లెక్క. రక్తసంబంధం లేనివాళ్ల దగ్గర్నుంచైతే పదహారు వేల చిల్లర దాకానే మినహాయింపు. నాలుగు వేలకు కాస్త తక్కువ కట్టాలి" అని గడగడా చెప్పేశాను.

"బ్యాంకువాళ్ల అప్పు పోతే పన్ను లేదు. అన్నయ్య ప్రేమతో వదిలేస్తే పన్నా?" అంది సునీత.

దానికి జవాబు చట్టంలో ఉంది కానీ భర్త పోయి రెండు నెలలైనా కాని మనిషికి చెప్పే జవాబు కాదది. గోరుచుట్టు మీద రోకలిపోటు వేసిన మనిషిని నేనే అయ్యాను. సిగ్గేసింది.

ఆ సిగ్గుతోనే మర్నాటి నుంచి ఆ పన్ను తప్పించడం మీద పడ్డాను. దారి దొరికింది కూడా. ఇక్కడి చట్టం ప్రకారం ఊరికే నోటితో చెబితే అప్పు రద్దు కాదు. డీడ్ ఆఫ్ రిలీజ్ అనే పత్రం మీద అప్పిచ్చినవాడు సాక్షి ముందు సంతకం పెట్టాలి. అంటే ప్రార్థనలో ఎన్ని కన్నీళ్లు పెట్టుకుని చెప్పినా, కాగితాల లెక్కలో ఆ అప్పు ఇంకా అలాగే ఉంది. ఉంది కనుక మెల్లగా వదిలించవచ్చు. ఒక మనిషి ఇంకో మనిషికి ఏటా మూడు వేలు పన్ను లేకుండా ఇవ్వచ్చు. దాన్ని స్మాల్ గిఫ్ట్ ఎగ్జెంప్షన్ అంటారు. ఈ ఏడాది ఆ పదహారూ ఈ మూడూ కలిపి పంతొమ్మిది వేలు రద్దు చేసి, మిగతాది ఏటా మూడు వేల చొప్పున నాలుగేళ్లు రద్దు చేస్తే పైసా పన్ను పడదు. సొలిసిటర్ చేత మొదటి పత్రం రాయించాను. నా తెలివికి నేనే మురిసిపోయానని ఒప్పుకోవాలి.

ఆగస్టులో ఇద్దర్నీ రమ్మన్నాను. ప్రసాద్‌గారిని చూడటం నాకదే మొదటిసారి. అరవై దాటిన బక్కపలచటి మనిషి. మాస్కు పైన కళ్ల కింద నలుపు. రాత్రి డ్యూటీ చేసి సరాసరి వచ్చాడు. అప్పులిచ్చే మనిషంటే నేనింకెవరినో ఊహించుకున్నాను. పక్కింటి ఐరిష్ పెద్దాయన సాక్షి సంతకానికి ప్రహరీ అవతల నిలబడి, "గ్రాండ్ డే" అంటూ ఇక్కడి తీరులో పలకరించాడు.

నేను మొత్తం వివరించాను. ప్రసాద్‌గారు తలూపుతూ విన్నాడు. పెన్ను ఇచ్చాను. కాగితం మోకాలి మీద పెట్టుకుని మొదటి పేజీ చదివాడు. మళ్లీ చదివాడు. ఇంగ్లిష్ అర్థం కాలేదేమో అనుకుని నేను మళ్లీ వివరించబోయాను.

సునీత మధ్యలో అడ్డుకుంది. "అన్నయ్యా, వదినతో మాట్లాడావా?"

ఆయన తలెత్తలేదు. "మాట్లాడేదేముందమ్మా. చెప్పాను."

"ఎప్పుడు చెప్పావు?"

"ఆ రోజు తనకి డ్యూటీ. ప్రేయర్‌లో లేదు. ఇంటికొచ్చాక చెప్పాను." పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాడు. "ఏమీ అనలేదమ్మా. అప్పట్నుంచీ ఏమీ అనట్లేదు."

ఆమె అడగ్గా అడగ్గా మిగతాది బయటికొచ్చింది. ఆ ముప్పై ఒక్క వేలు ప్రసాద్‌గారూ ఆయన భార్యా పదేళ్లు ఓవర్‌టైమ్ చేసి దాచుకున్న సొమ్ము. ఆవిడ మోకాలి ఆపరేషన్‌కి ప్రభుత్వ ఆసుపత్రిలో వంతు రావడానికి ఏళ్లు పట్టేట్టుందని, ఆ డబ్బు తిరిగొచ్చాక ప్రైవేటులో చేయించుకోవాలనుకున్నారు. తమ్ముడి ఫొటో తెర మీద చూసి ఆగలేక ఆ మాట అనేశాడు. అరవై మంది ఆమెన్ అన్నాక వెనక్కి తీసుకోవడానికి మొహం చెల్లలేదు.

"నువ్వు సంతకం పెట్టొద్దు అన్నయ్యా," అంది సునీత.

"మాట ఇచ్చేశానమ్మా. దేవుడి ముందు ఇచ్చాను."

"నువ్వు ఇచ్చావు, నేను తీసుకోలేదుగా. బ్యాంకు వాయిదా ఇప్పుడు లేదు. కూటం రోజున ఇల్లు ఉంటుందో ఊడుతుందో తెలియక నోరు మూసుకున్నా. ఏడు వేలు నా దగ్గరున్నాయి, రేపే వేస్తా. మిగతాది నెలకి ఐదొందలు."

"అందరూ ఏమనుకుంటారమ్మా? ప్రసాద్ మాట తప్పాడంటారు."

"ఆదివారం ప్రేయర్‌లో నేనే చెప్తా. అన్నయ్య వదిలేశాడు, నేనే కాళ్లావేళ్లా పడి ఒప్పించుకున్నాను, మా ఆయన బాకీ నేను తీర్చుకుంటానని. ఎవరేమంటారో చూస్తా."

ప్రసాద్‌గారు లేచి షెడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. మాస్కు తీసి మొహం తుడుచుకుంటున్నాడు. మామూలు రోజుల్లో అయితే వెళ్లి భుజం మీద చెయ్యి వేసేవాణ్ని. రెండు మీటర్ల అవతల ఊరికే కూర్చున్నాను. పక్కింటాయన మెల్లగా లోపలికి వెళ్లిపోయాడు.

రెండు నెలలు ఆ ఫైలు నా దగ్గరుంది. పన్ను ఎంత, దారి ఏది, పత్రం ఎలా అని చూశాను తప్ప, "నువ్వు తీర్చగలవా?" అని ఆమెను గానీ, "మీకు ఆ డబ్బు అవసరమా?" అని ఆయన్ను గానీ అడగలేదు. ఇప్పుడు ఎవరైనా అప్పు మాఫీ అంటూ వస్తే, లెక్క తీయకముందే ఇచ్చినవాళ్ల ఇంట్లో ఈ సంగతి ఎవరెవరికి తెలుసని అడుగుతాను. కొందరికి కోపం వస్తుంది. రానీ అనుకుంటాను.

2024లో చివరి ఐదొందలు పంపిన రోజు సునీత ఫోన్ చేసింది. అభినందించాను. సంతోషంగా ఉంటుందనుకున్నాను. ఏడుస్తోంది.

"ఇన్నాళ్లూ నెల మొదట్లో మా ఆయన కోసం చెయ్యాల్సిన పనొకటి ఉండేది సార్," అంది. "ఇంక ఏమీ లేదు."

ఆ పనిని నేను పెరట్లో కూర్చుని ఐదు సంతకాలతో తీసేయబోయాను.