అవ్వ నడిచిన నిమిషాలు

ఆ రోజుల్లో కంప్యూటర్ కోర్సు చేసినవాళ్లంతా మాదాపూర్‌లో ఉద్యోగాలు వెతుక్కుంటుంటే, అదే కోర్సు చేసిన నేను చేవెళ్లలో చెప్పులు అరగదీసుకునేవాణ్ని. పట్టణ ప్రణాళిక సర్వేలో నా ఉద్యోగం నడవడం. ఒక్కో కాలనీ నుంచి బస్టాపుకు ఎన్ని నిమిషాలు పడుతుందో నడిచి రాయాలి. ఎక్కడ ఎక్కువైతే అక్కడ కొత్త స్టాపు. (ఇంట్లో మాత్రం ప్లానింగ్ ఆఫీసర్‌నని చెప్పుకున్నాను.) మొయినాబాద్‌లో కిరాణా సేటు ఒకాయన తోవ చూపిస్తానని తోడొచ్చి, ఎదురైన ప్రతివారితోనూ ముచ్చట పెట్టాడు. ఇరవై నిమిషాలని రాశాను. చేవెళ్లలో ఆకలేసి పరుగులాంటి నడక నడిచాను. తొమ్మిదని రాశాను. ఇంకేముంది, స్టాపు మొయినాబాద్‌కే అన్నారు.

దవాఖానకు వెళ్లడానికి ఆ స్టాపు మీదే ఆశ పెట్టుకున్న చేవెళ్ల కాలనీ అవ్వ నా గల్లా పట్టుకున్నంత పని చేసింది. "తొమ్మిది నిమిషాలా? నీ కాళ్లతోని నడిస్తివి బిడ్డా, నా మోకాళ్లతోని నడిస్తివా?"

సంగతి తెలిసి మా పెద్దసారు కాగితాలు విసిరికొట్టారు. "రెండూర్లకు రెండు కొలతలేందయ్యా? నువ్వు గాదు, ఊరోళ్లల్ల ఒక్కరే రెండుదిక్కులా నడవాలె!"

నాకు మహా తెలివి పుట్టింది. ఆ ఒక్కరు అవ్వే ఎందుకు కాకూడదు? బస్సెక్కించి మొయినాబాద్ తీసుకుపోయాను. అవ్వ చాయ్ తాగి, కొంగు బిగించి, పదిహేను నిమిషాల్లో నడిచేసింది. (సేటు ఆ తర్వాత నా మొహం చూడలేదు.) మర్నాడు చేవెళ్లలో మాత్రం మూడుచోట్ల కూర్చుని ఇరవై ఆరు నిమిషాలు చేసింది.

"అవ్వా, నిన్న గంత జోరుగ నడిస్తివి గద?"

"అది సాపు రోడ్డు బిడ్డా, ఇది మిట్ట. నేను నడిచిన కాడికి రాసుకో."

లోపల నవ్వుకుంటూ రాసుకున్నాను. స్టాపు చేవెళ్లకే వచ్చింది. అవ్వ ఆడిన నాటకం గురించీ, దాన్ని చూసీచూడనట్టు వదిలేసిన నా పెద్దమనసు గురించీ ఏళ్ల తరబడి అందరికీ చెప్పుకున్నాను.

అవ్వ ఇప్పుడు లేదు. మొన్న ఆ కాలనీకి పనిమీద వెళ్తే, తిరిగొచ్చేటప్పుడు కొత్త స్టాపులో బస్సు ఆగక పాత స్టాపు దాకా నడవాల్సి వచ్చింది. నాకూ ఇప్పుడు మోకాళ్లున్న సంగతి తెలుస్తోంది. మిట్ట ఎక్కుతూ మూడుచోట్ల కూర్చున్నాను, అవ్వ కూర్చున్న చోట్లలోనే. చేరాక వాచీ చూసుకుంటే ఇరవై ఎనిమిది నిమిషాలు. అవ్వ నాకంటే రెండు నిమిషాలు ముందే చేరింది. "తప్పయిందవ్వా" అని ఆ స్టాపులో ఒక్కణ్నే నవ్వుకున్నాను.