డ్వేన్‌కు నేర్పిన కూత

1978లో మిషిగన్‌లోని ఒక రెండేళ్ల కాలేజీలో లెక్కలు చెప్పడానికి చేరి, పదేళ్లు అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్‌గా కూడా పనిచేశాను. ఎదుటి జట్టును ముందువరసలోనే ఆపే బండ కుర్రాళ్లు నా శిష్యులు. వాళ్లలో పద్నాలుగు మందిని పెద్ద యూనివర్సిటీలు స్కాలర్‌షిప్ ఇచ్చి తీసుకెళ్లాయి. మా ఊరి బడిలో ఆడిన చెడుగుడే నాకున్న విద్య.

వాళ్లలో డ్వేన్‌ది ఒకటే జబ్బు. ఆట మొదలుపెట్టడానికి ఎదుటి జట్టు నాయకుడు కేక వేయగానే, బంతి కదలకముందే గీత దాటేసేవాడు. అది తప్పు. 1983 ఆఖరి మ్యాచ్‌కు ఒక యూనివర్సిటీ కోచ్ వాణ్ణి చూడడానికి వస్తున్నాడు. ఆ రోజు కుదరకపోతే వాడు చదువు మాని కార్ల ఫ్యాక్టరీకి పోవలసిందే.

ఆ వారమంతా వాడి ఎదుట వంగి, కాళ్ల దగ్గర బంతి పెట్టుకుని "చెడుగుడు చెడుగుడు" అని కూత పెట్టాను. నేను బంతి కదిపితేనే వాడు కదలాలి.

"నవ్వొస్తోంది, కోచ్," అన్నాడు.

"నవ్వు నాయనా, కదలకు. కూతకొచ్చినవాడి నోరు చూస్తే మా ఊళ్లో ఓడిపోయినట్టే."

మ్యాచ్‌లో ఆ నాయకుడు మూడుసార్లు ఉత్తుత్తి కేకలు వేశాడు. డ్వేన్ నవ్వుతూ అలాగే వంగి ఉన్నాడు. బంతి కదిలింది. మరుక్షణం ఆ నాయకుడు వాడి కింద ఉన్నాడు.

"మీవాడు ఎందుకు నవ్వాడు?" అని యూనివర్సిటీ కోచ్ అడిగాడు.

"ట్రైనింగ్ అలాంటిది," అన్నాను.

ఆ పద్నాలుగు మందిలో డ్వేన్ ఆరోవాడు.