టవర్ దీదీ

నెల రోజులుగా మా ఇళ్ళ లైన్‌లో నన్నెవరూ రమణి అని పిలవడం లేదు. "టవర్ దీదీ, నమస్తే!" అంటున్నారు. మొన్న బండి మీద కూరగాయలమ్మే ఆయన కూడా "టవర్ దీదీ, భిండీ తాజా హై" అని బెండకాయలు చూపించాడు. ఆయన అసలు మా లైన్ మనిషే కాదు! కథ అంత దూరం పాకిపోయింది. వేరేవాళ్ళ నోట మీరు వినేలోపు నేనే చెప్పేస్తాను. చాయ్ పట్టుకుని కూర్చోండి. ఒక్కటే షరతు, మధ్యలో నవ్వకూడదు.

ముందే ఒక సంగతి చెప్పాలి. నేను ఏ పనైనా ఆలోచించే చేస్తాను. మా దీవిలోనే సిప్పీఘాట్ వైపు ఒక ఆఫీసులో పద్దెనిమిదేళ్ళుగా క్లర్కుని. ఫైల్లో ఒక్క కాగితం తగ్గినా సంతకానికి పంపను. ఇంట్లోకి మిక్సీ కొనాలన్నా నాలుగు కొట్లు తిరిగి, నోట్‌బుక్కులో రాసుకుని, పోల్చి చూసి కొంటాను. అలాంటిది ఫోన్ కంపెనీ ఊరికే మార్చేస్తానా?

మార్చాల్సిన అవసరం ఉంది మరి. బ్రూక్షాబాద్‌లో మా లైన్ గుట్ట వెనకాల ఉంది. పాత కంపెనీ సిగ్నల్ ఒక్క గీత వచ్చిందంటే ఆ రోజు మంచి రోజు. నేను వంటగట్టు ఎక్కి కూర్చుని మాట్లాడేదాన్ని. పక్కింట్లో మా వదిన అయితే ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి కిటికీ పక్క మేకుకి తగిలించేసేది. ఆ మేకు దగ్గర తప్ప ఆ ఇంట్లో ఇంకెక్కడా పట్టదు.

ఆ మేకు సంగతి మీకు సరిగ్గా తెలియాలి. మా అన్నయ్యది చిన్న డింగీ పడవ. ఒక్కడే వేటకెళ్తాడు. తెల్లారాక తిరిగొస్తూ కొండ మలుపు దాటగానే అతని ఫోన్‌కి సిగ్నల్ తగులుతుంది. వెంటనే వదినకి మిస్డ్ కాల్ ఇస్తాడు. రెండు రింగులిచ్చి ఆపేస్తే వచ్చేశానని. మూడు రింగులైతే చేప బాగా పడింది, ఐసూ బుట్టలూ మనుషులూ కావాలని. ఆగకుండా మోగుతూనే ఉంటే ఇంజను ఆగిపోయింది, ఎవరినైనా పంపమని. ఇన్నేళ్ళలో పొద్దుటిపూట వదిన ఆ ఫోన్ ఎత్తింది లేదు. ఎత్తాల్సిన పనేముంది? రింగులు వింటుంది, దేవుడి పటం వైపు ఒకసారి చూస్తుంది, చాయ్‌కి నీళ్ళు పెడుతుంది.

పాత కంపెనీ పుణ్యమా అని ఒక్కోసారి రెండు రింగుల్లో ఒక్కటే వచ్చేది. ఒక్క రింగంటే ఏమిటో ఎవరికీ తెలియదు. ఆ పూట వదిన ముఖం చూడలేకపోయేవాళ్ళం. అందుకే ఒక రోజు "నువ్వుండు వదినా, నేను చూసుకుంటాను కదా" అన్నాను. మొత్తం ఈ మాట దగ్గరే మొదలైంది.

సరిగ్గా అప్పుడే మా గ్రౌండ్‌లో పది రోజుల మేళా పెట్టారు. జెయింట్ వీల్, దుప్పట్లు, పానీపూరీలు, అన్నీ దిగాయి. ఒక మూల కొత్త ఫోన్ కంపెనీ స్టాల్. అందులో గుబురు మీసాల భయ్యా ఒకాయన కూర్చుని "ఆయియే దీదీ, పోర్ట్ కరా లీజియే, నంబర్ వహీ రహేగా" అని పిలుస్తున్నాడు. అంటే నంబరు అదే, కంపెనీ మాత్రం తమదానికి మారుతుంది. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నలభై ప్రశ్నలు అడిగాను. ప్లాన్ ఎన్నాళ్ళు? నెట్ ఎంత? గాలివానొస్తే? షిప్పులో పనిచేస్తుందా? పాపం, మీసాల భయ్యా మధ్యలో రెండుసార్లు లేచి నీళ్ళు తాగొచ్చాడు.

ఆ స్టాల్ వెనకాల పెద్ద లారీ ఒకటి నిలబెట్టి ఉంది. లారీ మీద పొడుగాటి స్తంభం, దాని నిండా డబ్బాలు, వైర్లు. మేళా లైట్ల కోసం కాబోలు అనుకున్నాను. రోజూ దాని నీడలోనే నిలబడి పానీపూరీ తిన్నాను కూడా. నలభై ప్రశ్నలడిగిన దాన్ని, ఆ లారీ ఏమిటని మాత్రం అడగలేదు.

ఒకరి మాట మీద ఆధారపడే మనిషిని కాదు నేను. ముందు ఒక కొత్త సిమ్ తీసుకుని పరీక్ష మొదలెట్టాను. వంటింట్లో నాలుగు గీతలు. బాత్రూమ్‌లో నాలుగు! వదిన మేకు దగ్గర ఫుల్. మేకు లేని గోడ దగ్గరా ఫుల్. మంచం కింద దూరి చూస్తే అక్కడా మూడు. లంబాలైన్ పేటలో స్నేహితురాలింటికి కూడా వెళ్ళి చూశాను. అక్కడ ఏ కంపెనీ అయినా వస్తుంది, అయినా రాసుకున్నాను. పని పద్ధతిగా ఉండాలి కదా.

ఇది చాలక, ఆ సిమ్ వేసిన ఫోన్‌ని ఒక రోజు అన్నయ్యకిచ్చి సముద్రం మీదికి పంపాను. నేనూ వదినా మేకు దగ్గర కాచుకుని కూర్చున్నాం. రోజూ వచ్చే టైముకి చాలా ముందే వదిన ఫోన్ మోగింది. మొదటిసారి ఎత్తాం.

"ఒలే రమణీ, ఇదేటే మాయ! నానింకా కొండ మలుపే దాటనేదు. పక్కనున్నట్టు ఇనిపిస్తంది!"

"చూశావా మరి!" అన్నాను. గొప్పగానే అన్నాను. ఎందుకనకూడదు?

ఆ సాయంత్రమే నోట్‌బుక్ చంకన పెట్టుకుని లైన్‌లో తిరిగాను. గదుల వారీగా గీతలు చదివి వినిపించాను. ఏడిళ్ళవాళ్ళు సరేనన్నారు. ఎదురింటి బెంగాలీ దాదా రిటైరైన మేస్టారు, ఎవరి మాటా అంత తొందరగా నమ్మడు. ఆయన కూడా నోట్‌బుక్ రెండుసార్లు తిరగేసి, "పక్కా కామ్ కియా హై" అని మెచ్చుకున్నాడు. వదిన ఒక్కతే నసిగింది.

"పాతదాన్తో ఒక గీతైనా ఒస్తంది కదమ్మా. అలవాటైపోనాది."

"నా మీద నమ్మకం లేదా వదినా?"

"నీ మీదుందే తల్లీ. ఫోన్ మీదే నేదు."

నేను నవ్వేశాను. వదిన ఫోన్ నుంచీ అన్నయ్య ఫోన్ నుంచీ పోర్ట్ మెసేజ్ నేనే పంపాను. వచ్చిన కోడ్ నేనే చదివి చెప్పాను. ఇద్దరినీ స్టాల్‌కి తీసుకెళ్ళి వేలిముద్రలు వేయించాను. మీసాల భయ్యా నాకు దండం పెట్టి, "దీదీ, ఆప్ తో హమారీ కంపెనీ మే ఆ జాయియే" అని తమ కంపెనీలోకే వచ్చేయమన్నాడు. శనివారానికి అందరి నంబర్లూ మారిపోయాయి. ఆదివారం పొద్దున అన్నయ్య రెండు రింగులూ ఎంత గట్టిగా మోగాయంటే మా ఇంట్లోకి వినబడ్డాయి. ఆ సాయంత్రంతో మేళా ముగిసింది.

సోమవారం పొద్దున నేను ఆఫీసు చీర కట్టుకుంటుంటే వదిన వచ్చి గుమ్మంలో నిలబడింది.

"రింగ్ రానేదే, రమణీ."

"వస్తుందిలే వదినా."

"ఆరుకల్లా రావాల. ఏడైపోనాది."

ఫోన్ తీసుకుని చూశాను. ఒక్క గీతా లేదు. నేనేం కంగారు పడలేదు. కొత్త సిమ్ కదా, సెట్టింగ్స్ ఏదో అయ్యుంటుంది. ఆపి మళ్ళీ ఆన్ చేశాను. సిమ్ తీసి కొంగుతో తుడిచి పెట్టాను. నా ఫోన్ చూస్తే అందులోనూ లేదు. బయటికొస్తే మా లైన్ మొత్తం ఫోన్లు పైకెత్తి పట్టుకుని అటూ ఇటూ నడుస్తోంది! దాదా అయితే నీళ్ళ ట్యాంకు ఎక్కేశాడు.

"రమణీ దీదీ, క్యా హువా?"

"అప్‌డేట్ హో రహా హై, దాదా!" అన్నాను. ఎంత ధీమాగా అన్నానంటే ఆయన నమ్మి కిందికి దిగిపోయాడు.

వదిన మాత్రం కదల్లేదు. మెల్లగా అంది, "ఇంజను ఆగిపోనాదేమో. ఆగినాదని సెప్పడానికి కూడా రింగ్ రాదు కదమ్మా ఇప్పుడు."

నిజమే కదా. అన్నయ్య ఒక్కడే నీళ్ళ మీద ఉన్నాడు. పిలిస్తే వినబడే దారి ఒక్కటే ఉండేది, దాన్ని నేనే మూసేశాను. ఏడుపొచ్చేసింది. ఏడుస్తూ కూర్చునే టైము కూడా లేదు. చీర కుచ్చిళ్ళు చేత్తో ఎత్తి పట్టుకుని నేనూ వదినా ఒడ్డుకి పరుగు అందుకున్నాం.

ఒడ్డుకెళ్ళే దారి గ్రౌండ్ పక్కనుంచే. గ్రౌండ్ ఖాళీ. కాగితం ప్లేట్లూ, కుక్కలూ మిగిలాయి. గేటులోంచి ఆ పెద్ద లారీ బయటికొస్తోంది. స్తంభం మడతపెట్టి పైన పడుకోబెట్టారు. డ్రైవర్ పక్కన మీసాల భయ్యా.

"గుడ్ మార్నింగ్ దీదీ!"

"భయ్యా, సిగ్నల్ నహీ హై!"

"హాఁ దీదీ, టవర్ తో యే రహా," అని వెనక్కి చెయ్యి చూపించాడు. "మేళా కే లియే ఆయా థా. భీడ్ హోతీ హై నా. అబ్ జెట్టీ జాయేగా, వహాఁ సే షిప్ మే చెన్నై." మేళా జనం కోసం తెచ్చిన టవరే ఆ లారీ అట, ఇప్పుడు జెట్టీలో షిప్పెక్కి చెన్నై పోతోందట!

"ఔర్ హమ్?" అన్నాను. మరి మా గతేమిటి?

"పర్మనెంట్ టవర్ ఆయేగా దీదీ. ఫైల్ చల్ రహీ హై."

ఫైల్ చల్ రహీ హై! ఫైలు కదులుతోందట! పద్దెనిమిదేళ్ళుగా ఆ మాట నేను జనానికి చెప్తున్నాను. తిరిగి నాకు ఒకరు చెప్పడం అదే మొదటిసారి. వంటింట్లో నాలుగు గీతలూ, మేకు దగ్గర ఫుల్లూ, మంచం కింద మూడూ, అన్నీ నా కళ్ళముందే లారీ ఎక్కి జెట్టీ వైపు వెళ్ళిపోయాయి.

ఒడ్డు కనబడగానే ముందు డింగీ కనిపించింది. దాని అంచు మీద మా అన్నయ్య. ఒక చేత్తో కాకుల్ని తోలుతున్నాడు, రెండో చేత్తో ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడు. వదిన అక్కడే ఇసకలో కూలబడి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. తర్వాత వదినే లేచి మొగుడి మీద పడింది.

"ఒచ్చినోడివి ఇంటికి రావేటి? మా పేనాలు పోనాయి!"

"సేపల్ని కాకులకి ఒగ్గీసి రమ్మంటావేటి? డింగీ ఒక్కడినే లాగగల్నా? గంట నుంచీ రింగులిస్తన్నాను! రెండు గాదు, మూడు! మూడు రింగుల సేప పడ్డాది ఇయ్యాల!"

డింగీలోకి చూస్తే నిజంగానే సగం దాకా కోకారీ చేప, పైన రెండు పెద్ద సుర్మాయి చేపలు. ఐసు లేదు, బుట్టల్లేవు, డింగీ లాగే మనుషులు లేరు. రోజూ వచ్చి లాగేదీ, కొనుక్కునేదీ ఎవరనుకున్నారు? ఆ ఏడిళ్ళవాళ్ళే! వదిన ఫోన్ చేస్తే గానీ వాళ్ళకి తెలియదు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకేసారి తల తిప్పి నావైపు చూశారు.

ఆ రోజు అప్లికేషన్ రాయకుండా సెలవు పెట్టాను, నా సర్వీసులో మొదటిసారి. ఆఫీసు చీర బొడ్లో దోపుకుని, బుట్ట నడుముకెత్తుకుని ఏడిళ్ళకీ తిరిగాను. అందరూ ముందు సిగ్నల్ గురించి అడిగారు, తర్వాతే చేప గురించి. దాదా అయితే తన ఫోన్ తీసి నా ముక్కు ముందు పెట్టాడు. కోకారీలు మాత్రం రెండు ఏరుకున్నాడు.

పాత కంపెనీకి తిరిగి వెళ్ళిపోదామంటే కుదరదు. ఒకసారి మారితే తొంభై రోజుల దాకా మారకూడదు. ఈ రూలు నాకు తెలియక కాదు. నా నోట్‌బుక్కులో రెండో పేజీలోనే ఉంది, కింద ఎర్ర గీత కూడా గీశాను. తప్పు చేసిన బాధతో అన్నయ్యకి పాత కంపెనీ సిమ్ ఒకటి కొత్త నంబరుతో కొనిచ్చాను. వదిన దాన్ని అందుకుని జాగ్రత్తగా కవర్లో చుట్టి అన్నయ్య జేబులో పెట్టింది.

"ఇంజను ఆగితే ఐసు కొట్టాయనకి సేసుకుంటాడు. ఆయన పాత కంపినీయే."

"నీకూ ఒకటి కొంటాను వదినా, రోజూ రింగులకి."

"నాకెందుకమ్మా? ఒచ్చేడని సెప్పడానికి నువ్వున్నావు కదా."

నవ్వుతూనే అంది. కానీ తమాషాకి అనలేదు.

మా లైన్‌కీ ఒడ్డుకీ మధ్య ఒక రాతిగుట్ట ఉంది. దాని మీద నిలబడితే అటు కొండ మలుపూ కనిపిస్తుంది, ఇటు వదిన వాకిలీ కనిపిస్తుంది. రోజూ తెల్లారేసరికి ఎర్ర గొడుగు పట్టుకుని అక్కడ నిలబడుతున్నాను. డింగీ మలుపు దాటితే అన్నయ్య తువ్వాలు ఊపుతాడు, నేను గొడుగు రెండుసార్లు తెరిచి మూస్తాను. చేప ఎక్కువుంటే అతనూ మూడుసార్లు ఊపుతాడు, నేనూ మూడుసార్లు తెరుస్తాను. వదిన చాయ్‌కి నీళ్ళు పెడుతుంది. ఏడిళ్ళవాళ్ళూ బుట్టలు తీస్తారు. ఇన్నాళ్ళలో ఒక్క రింగు మిస్ కాలేదు, కావాలంటే ఎవరినైనా అడగండి.

నిన్న ఒక్కరోజు పది నిమిషాలు లేటుగా లేచాను. నేను గుట్ట ఎక్కేసరికి అన్నయ్య తువ్వాలు ఊపీ ఊపీ విసిగిపోయి ఉన్నాడు. తిరిగొస్తుంటే వదిన గోడ మీంచి లైన్ అంతా వినబడేలా అరిచింది.

"ఈ నెట్‌వర్క్ బానేదు! కంపినీ మార్సీవాల!"

"వీల్లేదు వదినా," అన్నాను. "తొంభై రోజులయ్యేదాకా మార్చకూడదు. రూలంటే రూలే!"