విమల పేరుతో వచ్చిన రిపోర్టు

ఎవరైనా దెయ్యాన్ని చూశామంటే, ఏ రోజు, ఎన్ని గంటలకు, పక్కన ఎవరున్నారు అని అడిగే మనిషిని నేను. అందుకే ఇంట్లో నాకెవరూ అలాంటి కథలు చెప్పరు. ఇప్పుడు నేనే చెప్పాల్సి వస్తోంది.

నాకు అరవై ఎనిమిదేళ్లు. జగదల్‌పూర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ నూనె పరీక్షించే ఒక చిన్న ల్యాబులో ఇరవై రెండేళ్లు చేసి రిటైరయ్యాను. నా తర్వాత గ్యాస్ క్రొమటోగ్రాఫ్ ముందు విమలను కూర్చోబెట్టారు. నూనెలో కరిగిన వాయువులను విడదీసి, ఒక్కోదాన్ని ఒక్కో కొండలా గీసే యంత్రం అది. ఆ కొండను పీక్ అంటాం. విమలకు పని నేర్పింది నేనే. ఆమె పీకులు సూదుల్లా ఉంటాయని మేనేజరు నా ఎదుటే పొగిడాడు. నావీ అలాగే ఉండేవి. ఎవరూ అనలేదు.

పోయిన చలికాలంలో విమల జ్వరంతో చనిపోయింది. నెల తిరక్కుండా నన్ను మళ్లీ పిలిచారు. ఏడ్చాను. ఆ కుర్చీ తిరిగి దొరికిందన్న సంతోషమూ ఉంది. దాచను.

మూడో వారం, మంగళవారం ఉదయం పదింటికి, తోంగ్‌పాల్ దారిలోని ఒక రాళ్ల క్రషర్ నుంచి ఫోర్‌మన్ ముత్యాలు నూనె తెచ్చాడు. తెలంగాణ సరిహద్దు దగ్గరి మరైగూడ మనిషి. ట్రాన్స్‌ఫార్మర్ వింతగా మోగుతోందట. లోపల నిప్పురవ్వలు లేస్తుంటే నూనెలో ఎసిటిలీన్ కనిపిస్తుంది. అది లేదని మేం రాసిస్తే, సాయంత్రం నలుగురు మనుషులు దాని పక్కనే కేబుల్ పనికి దిగుతారు.

ముందు ఖాళీ రన్ చేశాను. అంటే నూనె నుంచి తీసిన వాయువు లేకుండా ఉత్త ఆర్గాన్ గ్యాసు ఎక్కించడం. గీత చదునుగా రావాలి. 6.40 నిమిషాల దగ్గర, సరిగ్గా ఎసిటిలీన్ చోట, పీక్ వచ్చింది. దాని విస్తీర్ణం, అంటే వాయువు ఎంతుందో చెప్పే అంకె, 212.

సెప్టమ్ అనే రబ్బరు బిళ్ల మార్చాను. సిరంజి, లోపలి లైనర్ గొట్టం మార్చాను. జాయింట్లన్నీ లీక్ డిటెక్టర్‌తో చూశాను. వాయువులను విడదీసే కాలమ్ గొట్టాన్ని రెండు గంటలు వేడికి కాల్చాను. చివరికి ఆర్గాన్ సిలిండరు కూడా మార్చాను. 6.40. 212. నూనె వాయువు ఎక్కించినా 212. అందులోంచి ఖాళీ రన్ అంకె తీసివేస్తే సున్నా. నూనె శుభ్రమని రాయొచ్చు.

మూడు దాటింది. ముత్యాలు గుమ్మం దగ్గరే ఉన్నాడు.

"ఏందమ్మా ఇంతసేపు? విమలక్క ఉంటే చాయ్ తాగేలోపు చెప్పేది."

"అయితే ఆమెనే చెయ్యమను."

"ఆమె ఉంటే మిమ్మల్నెందుకు అడుగుత?"

ఒళ్లు మండింది. ప్రతి రన్‌కు ముందు కంప్యూటర్లో చేసేవారి పేరు ఎంచుకోవాలి. జాబితాలో విమల పేరు ఇంకా ఉంది. కోపంతో ఆ పేరు నొక్కి, అదే సిరంజితో ఖాళీ రన్ చేశాను.

గీత చదునుగా వచ్చింది.

నా పేరు పెడితే 212. ఆమె పేరు పెడితే సున్నా. ఒక్కో పేరుతో మూడేసి సార్లు చేశాను. సెట్టింగులు వరసవారీగా పోల్చాను, తేడా లేదు. ఆ పేరు రిపోర్టు పైన అచ్చవడానికే తప్ప దేనికీ పనికిరాదు.

ఆమె పేరుతో నూనె వాయువు ఎక్కించాను. 212. ఈసారి తీసివేయడానికేమీ లేదు, అంటే నూనెలో ఎసిటిలీన్ ఉన్నట్టే.

నాకు ముందు భయం వేయలేదు. అసూయ కలిగింది. పోయాక కూడా ఇది ఆమె మాటే వింటోందని. నా పేరుతో ఉన్న కాగితం తీసి, సున్నా వేసి, సంతకం పెడదామని పెన్ను కూడా తెరిచాను. సాయంత్రం దిగబోయే నలుగురూ గుర్తొచ్చి మూత పెట్టేశాను.

"ముత్యాలూ, మనుషుల్ని దించకు. కరెంటు ఆపించు."

"పక్కానా అమ్మా?"

"పక్కా." విమల పేరున్న కాగితమే ఇచ్చాను.

మర్నాడు ఫోన్ చేశాడు. విప్పి చూస్తే లోపల కాంటాక్టు బొగ్గయిపోయి ఉందట. "కాగితం మీద విమలక్క పేరు పడ్డదమ్మా, గల్తీ అయినట్టుంది. మార్చి ఇస్తరా?"

అసలు జరిగింది నోటిదాకా వచ్చింది. "అక్కర్లేదు, ఉండనీ," అన్నాను.

ఆ రోజు నుంచి నా పేరుతోనూ గీత చదునుగానే వస్తోంది. రాయ్‌పూర్ నుంచి వచ్చిన ఇంజనీరు ఏదో మలినం కాలిపోయి ఉంటుందన్నాడు. మలినం పేర్లు చదువుతుందా అని అడిగితే నవ్వాడు. అది విమల పనేనని నేను ఒప్పుకోను. కాదని రాయడానికి మాత్రం నా దగ్గర ఒక్క లెక్కా లేదు.