ఫ్లెక్సీ మీద మా తాత

యోగా అంటే నాకు ఒళ్లు మంట. నడుము నొప్పి తగ్గుతుందంటారు. తగ్గుతుందేమో, నేను కాదనను. నా మంట వేరు. మా తాత యోగం పిచ్చి పట్టి ఇల్లు విడిచిపోయాడు.

దేవరకొండలో మాది బట్టలు నేసే సాలోళ్ల వాడ. యాభై ఏళ్ల కిందట శ్రీశైలం పోయే బైరాగుల గుంపొకటి మా వాడలో ఆగిందట. తాత వాళ్లతో మాట్లాడుకుంటూ అమ్రాబాద్ అడవి దాకా నడిచి, అట్నుంచి అటే పోయాడు. మా బాపుకు, అంటే నాన్నకు, అప్పుడు ఐదేళ్లు. ఆ తర్వాత మనిషి ఉన్నాడో పోయాడో కబురే లేదు. మా ఇళ్లలో ఆడవాళ్లు కండెలు చుట్టేవారే తప్ప మగ్గం గుంటలో దిగేవారు కాదు. తాత పోయాక మా అవ్వ దిగింది. వాడంతా నవ్వింది. బడిలో బాపును ‘సన్నాసి కొడుకు’ అని పిలిచేవారు. యాభై దాటినా ఆ మాట చెవిన పడితే ఆయన ముఖం మాడిపోయేది.

తెలంగాణ వచ్చాక మా ఊళ్లో ఒక యోగా కేంద్రం వెలిసింది. దాన్ని నడిపే పెద్దమనిషి ప్రతి ఆదివారం, ఇది వేల ఏళ్ల నాటి మన రుషుల విద్య అని చెప్పేవాడు. నిజమే కావచ్చు. ఆ రుషులు అడవికి పోతే ఇంట్లో పొయ్యి ఎవరు రాజేశారో మాత్రం ఒక్క ఆదివారమూ చెప్పలేదు. ఒకప్పుడు బూడిద పూసుకున్న యోగి వాకిట్లోకి వస్తే మా ఆడవాళ్లు గుప్పెడు జొన్నలు వేసి, మొగుణ్ణి లోపలికి పిలిచి తలుపు వేసుకునేవారు. ఇప్పుడు అదే యోగానికి రబ్బరు చాపలు, తెల్ల టీషర్టులు, వేదికలు, సన్మానాలు. చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన మనిషి ఉన్నట్టుండి గొప్పవాడైపోయాడు.

బాపు ఆ కేంద్రంలో చేరి, మా నాయిన యోగి అని చెప్పుకున్నాడు. వాళ్లకు అంతకంటే ఏం కావాలి? యోగా దినం నాడు అవ్వకు శాలువా కప్పుతామన్నారు.

“వద్దు బాపూ, అవ్వను గా సన్మానంలకు గుంజకు,” అన్నాను.

“నీకేం తెల్సు బిడ్డా? గా మాటలు పడ్డది నేను,” అన్నాడు.

కాలేజీ మైదానంలో వేదిక. దాని మీద నిలువెత్తు ఫ్లెక్సీ. పెళ్లి ఫోటోలో అవ్వను కత్తిరించేసి తాతను ఒక్కణ్ణే పెద్దది చేశారు. ఫోటోకు బంతిపూల దండ, ముందర అగరుబత్తులు. ముందు వరసలో కూర్చున్న అవ్వ దండ చూడగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“దండెందుకేసిన్రు? గండ్ల ఏం రాసిన్రు, సదువు.”

చదివాను. ‘నల్లమలలో తపస్సు చేస్తూ తనువు చాలించిన మహాయోగి.’

“ఎప్పుడు సచ్చిండు? నాకెవలు చెప్పలె.”

బాపు వంగి ఆమె చెవిలో అన్నాడు. “జర ఊకో అమ్మా. గట్ల రాస్తెనే మంచిగుంటదన్నరు. మనకేం తెల్సు, ఉన్నడో పోయిండో.”

అప్పటికే మైకులో అవ్వను పిలుస్తున్నారు. మెట్లెక్కించారు, శాలువా కప్పారు, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పెద్దమనిషి చెంప పగలగొట్టాలనిపించింది. బాపుదీ. నేను కూడా చప్పట్లు కొట్టాను, అందుకు ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఇంటికి రాగానే అవ్వ బావి దగ్గర నీళ్లు తోడుకొని ముఖం కడుక్కుంది. ఇన్నేళ్లు, మనిషి ఉన్నాడనే లెక్కలో, రోజూ పెట్టుకున్న బొట్టు పోయింది. లోపలికి వచ్చి బాపు ముందర నిలబడింది.

“రేపు గుండు కొట్టిచ్చుకో. దినాలు చెయ్యి.”

బాపు ఆమె కాళ్ల మీద పడ్డాడు. “నేను అబద్దం చెప్పిన అమ్మా. బతికే ఉన్నడేమో! బొట్టు పెట్టుకో.”

“బతికుంటే నన్నిడిసి పోయినోడు,” అంది అవ్వ. “సచ్చిండంటే, ఎవల మొగుడైనా సచ్చేటోడే. గిదే నయం నాకు.”